ఎడారిలో ఎదురుచూసిన 'లేడీ'

మిట్టమధ్యాహ్నం. కనుచూపు మేరా ఇసుక. ఆ ఇసుకలో నడుం విరిగిన పాత బాంబర్ విమానం ఒకటి. దాని పక్కన కొందరు కుర్రాళ్ళు బేస్ బాల్ ఆడుకుంటున్నారు. జోకులేసుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు. వాళ్ళకి దాహం వెయ్యదు. గడ్డం పెరగదు. పదిహేడేళ్ళుగా అదే ఆట! ఎందుకంటే వాళ్ళెవరూ బతికి లేరు. తమ ఎముకలు ఎవరి కంటయినా పడేదాకా ఆ విమానాన్ని వదిలి పోలేరు.

1970 జనవరిలో అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ ప్రసారం చేసిన 'సోల్ సర్వైవర్' చిత్రం కథ ఇది. విన్స్ ఎడ్వర్డ్స్, రిచర్డ్ బేస్ హార్ట్, 'స్టార్ ట్రెక్' కెప్టెన్ విలియం షాట్నర్ నటించారు. యుద్ధంలో తన వాళ్ళని నడి ఆకాశంలో వదిలేసి పేరాషూట్ తో దూకి ప్రాణం దక్కించుకున్న నావిగేటర్ ఒకడు, ఆ నిజం దాచిపెట్టి జనరల్ స్థాయికి ఎదుగుతాడు. ఎడారిలో విమానం దొరికిందన్న కబురుతో అతని గుండెల్లో రాయి పడుతుంది. విచారణకి వచ్చిన ఆఫీసర్ల వెనకాలే, ఎవరికీ కనబడకుండా దెయ్యాలు కూడా తిరుగుతుంటాయి. ఖర్చు పెద్దగా లేదు, సెట్టింగులు లేవు, డ్యూయెట్లు అసలే లేవు. అయినా చూసిన వాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. నాకు పట్టలేదు మరి!

పాత చిత్రం ఏదన్నా నచ్చితే దాని కథ ఎక్కడ పుట్టిందో తవ్వి తీసేదాకా ఊరుకోలేని జబ్బు ఒకటి వుంది నాకు. దీన్ని తవ్వుతూ పోతే దీనికి అన్న ఒకడు తేలాడు. 1960 సెప్టెంబరు 30న వచ్చిన 'ట్విలైట్ జోన్' ఎపిసోడ్, 'కింగ్ నైన్ విల్ నాట్ రిటర్న్'. రచన రాడ్ సెర్లింగ్. అందులో పైలెట్ (రాబర్ట్ కమ్మింగ్స్) ఎడారిలో కూలిన తన విమానం పక్కన ఒంటరిగా మేలుకుంటాడు. తోటి వాళ్ళు ఒక్కరూ లేరు. అరుస్తాడు, పరిగెడతాడు, పిచ్చెత్తిపోతాడు. చివరికి చూస్తే ఆస్పత్రి మంచం! ఆ రోజు జబ్బు పడి ఆ విమానం ఎక్కని వాడు అతను. పేపర్లో వార్త చూసి కుప్పకూలాడు. అంతా భ్రమ అని డాక్టర్లు తేల్చేస్తారు. కానీ అతని బూటు తిరగేస్తే... ఇసుక!

ఈ రెండు కథల వెనకా వున్నది ఒకటే విమానం. పేరు 'లేడీ బి గుడ్'. లిబియా ఎడారిలో పదిహేనేళ్ళు ఎవరి కంటా పడకుండా వున్న అమెరికన్ బి-24 లిబరేటర్ బాంబర్. ఇంత పేరున్న విమానం కదా, ఇప్పుడెక్కడుంది, ఏమైంది అని ఆరా తీయడం మొదలుపెట్టాను. తీస్తున్నకొద్దీ ఒక్క సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. సినిమా వాళ్ళు మనుషుల్ని తీసుకొచ్చి విమానం దగ్గర కట్టేశారు. దెయ్యాలైనా సరే, ఆ రెక్క కిందే వుండాలి. నిజంలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ఆ తొమ్మిది మందిలో ఒక్కడు కూడా ఆ విమానాన్ని మళ్ళీ చూడలేదు. అది తమకి అంత దగ్గర్లో, నీళ్ళు పెట్టుకుని, రేడియో పెట్టుకుని పడుందని తెలియకుండానే పోయారు.

పేరు సినిమాదే!

'లేడీ, బి గుడ్' అన్నది 1924లో బ్రాడ్వేలో ఆడిన మ్యూజికల్ నాటకం. సంగీతం జార్జ్ గెర్ష్విన్, పాటలు అతని అన్న ఐరా గెర్ష్విన్. వేదిక మీద గంతులేసింది ఎవరనుకున్నారు? ఫ్రెడ్ అస్టేర్, అక్క అడేల్! 1941లో ఎం.జి.ఎం. వాళ్ళు అదే పేరుతో ఓ సినిమా తీశారు. నాటకం కథ వదిలేసి పేరు, రెండు మూడు పాటలు మాత్రం వుంచుకున్నారు. (మన దగ్గరే కాదన్నమాట ఆ అలవాటు.) ఎలినార్ పవెల్ డాన్సుకి, ఆన్ సదర్న్ పాటకి జనం విరగబడ్డారు. దానిలోని ఓ పాటకి ఆస్కార్ కూడా వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ బహుమతి పాట గెర్ష్విన్ ది కాదు, జెరోం కెర్న్ ది.

యుద్ధకాలంలో అమెరికన్ కుర్రాళ్ళు తమ విమానాల ముక్కు మీద ఇలాంటి పేర్లే రాసుకునేవారు. అమ్మాయి పేరు, పాట పేరు, సినిమా పేరు. మన లారీ డ్రైవర్లు బండి వెనక రాయించుకున్నట్టే! ఈ కొత్త లిబరేటర్ ముక్కు మీద 'లేడీ బి గుడ్' అని రాశారు. అది బెంఘాజీకి దగ్గర్లోని సొలుక్ స్థావరానికి వచ్చింది 1943 మార్చి ఆఖర్లో. ఏప్రిల్ 4న వెళ్ళి, తిరిగి రాలేదు.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం ఇరవై అయిదు లిబరేటర్లు ఇటలీలోని నేపుల్స్ రేవు మీద బాంబులు వెయ్యడానికి బయల్దేరాయి. ఆఖరున లేచిన వాటిల్లో 'లేడీ' ఒకటి. అందులోని తొమ్మిది మందికీ కలిసి అదే మొదటి దాడి. పైలెట్ లెఫ్టినెంట్ విలియం హాటన్. కో-పైలెట్ రాబర్ట్ టోనర్. నావిగేటర్ హేస్. బాంబులు వేసేవాడు జాన్ వొరావ్కా. ఇంజనీరు రిప్స్లింగర్, రేడియో ఆపరేటర్ లామాట్, తుపాకుల దగ్గర షెల్లీ, మూర్, ఆడమ్స్. అందరూ యువకులే.

లేచేటప్పుడే ఇసుక తుపాను. ఇసుక దూరి ఇంజన్లు మొరాయించి కొన్ని వెనక్కి తిరిగాయి. మిగిలినవి నేపుల్స్ చేరేసరికి చీకటి పడుతోంది, గురి కనబడలేదు. 'లేడీ' బాంబుల్ని సముద్రంలో పారేసి ఇంటిదారి పట్టింది. ఒంటరిగా.

330 డిగ్రీలు

ఇక్కడ కాస్త టెక్నికల్ విషయం చెప్పాలి, ఓపిక పట్టండి. కథంతా దీని మీదే నిలబడి వుంది.

అర్ధరాత్రి దాటి పన్నెండు నిమిషాలకి హాటన్ రేడియోలో పిలిచాడు. మా దిక్కు చూపే పరికరం పని చెయ్యడం లేదు, మేమెక్కడున్నామో చెప్పండి అని. బెనీనా స్టేషన్ వాళ్ళు ఆ పిలుపు వస్తున్న దిక్కు కొలిచి, 330 డిగ్రీలు అన్నారు. అంటే వాయవ్యం. సముద్రం వైపు. అంటే మీరింకా సముద్రం మీదే వున్నారు, అలాగే తిన్నగా వచ్చెయ్యండి అని అర్థం.

అయితే ఆ రోజుల్లో చట్రంలా వుండే ఏంటెనాతో ఓ చిక్కుంది. పిలుపు ఏ గీత మీద నుంచి వస్తోందో అది చెబుతుంది గానీ, గీతకి ఆ చివరి నుంచా ఈ చివరి నుంచా అన్నది చెప్పదు. గుడి ముందు నిలబడ్డా వెనక నిలబడ్డా గంట ఒకలాగే వినబడ్డట్టు! వాయవ్యం నుంచి వచ్చే పిలుపూ, దానికి సరిగ్గా ఎదురుగా ఆగ్నేయం నుంచి వచ్చే పిలుపూ ఒకేలా కనబడతాయి. ఆ సమయానికి 'లేడీ' తన స్థావరం మీదుగా దాటిపోయి ఎడారి లోపలికి ఎగురుతోందని తరవాత నిపుణులు అంచనా కట్టారు. వెనక నుంచి గాలి తోస్తోంది, కింద అంతా చీకటి. చీకట్లో సముద్రానికీ ఎడారికీ తేడా ఏముంది?

సముద్రం ఎప్పటికీ అయిపోదేమిటి అనుకుంటూ మరో రెండు గంటలు దక్షిణానికి పోయారు. పెట్రోలు అడుగంటింది. ఇంజన్లు ఒక్కొక్కటీ చస్తున్నాయి. రాత్రి రెండు గంటలకి తొమ్మిది మందీ పేరాషూట్లతో దూకేశారు. నీళ్ళలో పడతామనుకుని వుంటారు, తేలడానికి లైఫ్ జాకెట్లు తొడుక్కునే వున్నారు. పడింది ఇసుకలో!

ఇక చూడండి విచిత్రం. మనుషులు దూకేసిన విమానం ఏం చెయ్యాలి? ముక్కు కిందకి వంచి నేలకి గుద్దుకుని బద్దలైపోవాలి. 'లేడీ' అలా చెయ్యలేదు. బరువు తగ్గిన ఆ విమానం, మిగిలిన ఒక్క ఇంజను తిరుగుతుండగా, తనంతట తాను మరో 26 కిలోమీటర్లు తేలుకుంటూ పోయి, చదునైన నేల మీద పొట్టతో జారి ఆగింది. రెక్కల వెనక నడుం విరిగింది. మిగతా అంతా దాదాపు చెక్కు చెదరలేదు. ఏ స్క్రిప్ట్ రైటరయినా ఈ సీను రాసుకొస్తే, "ఏమయ్యా, పైలెట్ లేకుండా లాండింగా? జనం నవ్వుతారు, మార్చు" అంటాడు ప్రొడ్యూసరు!

ఎనిమిది మంది, అర సీసా నీళ్ళు

తెల్లవారేసరికి పిస్తోళ్ళు పేల్చుకుంటూ, వెలుగు సంకేతాలు వదులుకుంటూ ఎనిమిది మంది ఒకచోట చేరారు. వొరావ్కా జాడ లేదు. అతని పేరాషూట్ సరిగ్గా విచ్చుకోలేదన్న సంగతి వాళ్ళకి తెలిసే దారి లేదు. సముద్రం దగ్గర్లోనే వుంటుందనుకున్నారు. నిజానికి వాళ్ళ స్థావరం నుంచే దాదాపు 700 కిలోమీటర్లు దక్షిణాన వున్నారు! వాయవ్యానికి నడక మొదలుపెట్టారు.

విమానం దిగింది ఆగ్నేయాన. వీళ్ళు నడిచింది వాయవ్యానికి. వేసే ప్రతి అడుగూ దాన్నుంచి దూరం.

ఈ నడక ఎలా సాగిందో మనకి తెలియడానికి కారణం కో-పైలెట్ టోనర్. జేబులో చిన్న డైరీ పెట్టుకుని రోజూ నాలుగు ముక్కలు గీకాడు. ఎక్కడా ఏడుపు లేదు, కవిత్వం అంతకన్నా లేదు. అందరి దగ్గరా కలిపి వున్నది అర సీసా నీళ్ళు. రోజుకి మనిషికి ఒక మూతెడు. పగలు ఎండకి పడి వుండటం, సాయంత్రం లేచి నడవడం. పావుగంట నడక, అయిదు నిమిషాలు విశ్రాంతి. రాత్రి చలికి నిద్ర లేదు. అయిదో రోజుకి ఇసుక దిబ్బలు ఎదురయ్యాయి. లామాట్ కళ్ళు పోయాయి, మిగతా వాళ్ళ కళ్ళూ అంతంత మాత్రమే. ప్రార్థనలు. వెదికే విమానాల చప్పుడు లేదు. రెండు పిట్టలు మాత్రం కనబడ్డాయిట. శుక్రవారం నాటికి అయిదుగురు ఇక కదల్లేమన్నారు. షెల్లీ, రిప్స్లింగర్, మూర్ ముగ్గురూ సాయం తెస్తామని ముందుకి పోయారు. చివరి మాట సోమవారం, ఏప్రిల్ 12. ఇంకా ఎవరూ రాలేదనీ, రాత్రి చాలా చలిగా వుందనీ. అంతే. తరవాత పేజీలు ఖాళీ.

వాళ్ళు అప్పటికి నడిచింది సుమారు 130 కిలోమీటర్లు! ఆ ఎండలో, ఆ నీళ్ళతో రెండు రోజులు బతికితే గొప్ప అని ఎడారి సంగతి తెలిసిన వాళ్ళు అనుకునేవారు. వీళ్ళు ఎనిమిది రోజులు బతికారు.

ఆ సమయంలో వెనక ఏమవుతోంది? వెతికారు, వెతక్కపోలేదు. సముద్రం మీద వెతికారు. మునిగిపోయి వుంటుందని నిర్ధారించుకున్నారు. ఇళ్ళకి టెలిగ్రాములు వెళ్ళాయి.

ఇంకో మాట ఇక్కడ చెప్పక తప్పదు. అదే 1943లో హాలీవుడ్ లో హంఫ్రీ బోగార్ట్ హీరోగా 'సహారా' అన్న చిత్రం విడుదలైంది. కథాస్థలం లిబియా ఎడారి, కథాంశం నీళ్ళు. ఓ టాంకు మీద ప్రయాణం చేస్తున్న సైనికులు ఎండిపోయిన బావి దగ్గర చుక్క చుక్క పట్టుకుని ఎలా నిలబడ్డారన్నది. తీసింది మాత్రం కాలిఫోర్నియా ఎడారిలో. 'కింగ్ నైన్', 'సోల్ సర్వైవర్' కూడా అక్కడే తీశారు. మన వాళ్ళు మద్రాసు వాహినీ స్టూడియోలో హిమాలయాలు లేపినట్టు, వాళ్ళ లిబియా అంతా కాలిఫోర్నియాయే. పైగా రెండింటిలోనూ విమానం బి-24 కాదు, రెండే ఇంజన్లున్న బి-25. కథ ముఖ్యం గానీ ఇంజన్లు ఎవరు లెక్కపెడతారని కాబోలు! నేను లెక్కపెట్టాను.

ఆపరేషన్ క్లైమాక్స్

1958లో ఆ ఎడారి మీద పెట్రోలు కోసం వెతుకుతున్న బ్రిటిష్ కంపెనీ వాళ్ళకి పైనుంచి ఓ విమానం కనిపించింది. ట్రిపోలీ దగ్గరున్న అమెరికన్ వైమానిక స్థావరం వీలస్ కి కబురు చేశారు. అక్కడ మా విమానం ఏదీ పోయినట్టు రికార్డుల్లో లేదే అన్నారు వాళ్ళు. నిజమే మరి, రికార్డుల ప్రకారం అది సముద్రం అడుగున వుంది! 1959లో చమురు కంపెనీ వాళ్ళు నేల మీద వెళ్ళి చూశారు. మే నెలాఖరుకి అమెరికన్లూ వచ్చారు.

లోపలికి వెళ్ళిన వాళ్ళకి ఒళ్ళు జలదరించి వుంటుంది. పదహారేళ్ళ నాటి విమానం నిన్న దిగినట్టుంది. తుపాకులు నొక్కితే పేలుతున్నాయి. రేడియో పని చేస్తోంది. తిండి వుంది, నీళ్ళున్నాయి. ఫ్లాస్కులో టీ ఇంకా తాగేటట్టే వుందని చెప్పుకున్నారు. లేనివి రెండే. పేరాషూట్లూ, మనుషులూ.

ఆ రేడియోతో వాళ్ళు ఎవరికైనా కబురు అందించగలిగే వారో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ నీళ్ళు నీళ్ళే కదా! వాళ్ళు మొదటి రోజు నడిచిన దిక్కుకి ఎదురు దిక్కున, 26 కిలోమీటర్ల దూరంలో. వాళ్ళ తప్పేమీ లేదు. దూకేసిన విమానం వెనక్కి వెళ్ళి చూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఆ యేడు నెలల తరబడి వెతికారు. బూట్లతో ఇసుక మీద పేర్చిన బాణం గుర్తు దొరికింది. రాళ్ళు బరువు పెట్టిన పేరాషూట్ గుడ్డ పేలికలు దొరికాయి. వెనకొచ్చే వాళ్ళకి దారి తెలియాలని పెట్టుకుంటూ పోయిన గుర్తులు! అవి ఇసుక దిబ్బల దగ్గర ఆగిపోయాయి. మనుషుల్ని ఇసుక కప్పేసి వుంటుందని వెతకడం మానేశారు.

తరవాత 1960 ఫిబ్రవరి 11న చమురు కంపెనీ పనివాళ్ళకే అయిదుగురు ఒకే చోట కనిపించారు. హాటన్, టోనర్, హేస్, ఆడమ్స్, లామాట్. పక్కన టార్చిలైట్లు, ఖాళీ సీసాలు, కోట్లు, టోనర్ డైరీ. దాంతో అమెరికన్ సైన్యం మళ్ళీ రంగంలోకి దిగింది. ఈ రెండో గాలింపుకి వాళ్ళు పెట్టిన పేరు 'ఆపరేషన్ క్లైమాక్స్'. సినిమా పత్రికలో రాస్తున్నా కదా అని నేను కల్పించింది కాదు, నిజంగా అదే పేరు! మే నెలలో షెల్లీ దొరికాడు, కొద్ది రోజులకి రిప్స్లింగర్. ఆ అయిదుగురి కన్నా ముప్పై, నలభై కిలోమీటర్లు ముందుకి పోయారు ఇద్దరూ, దిబ్బల మీదుగా. ఆగస్టులో వొరావ్కా దొరికాడు, విచ్చుకోని పేరాషూట్ తోనే.

సార్జంట్ వెర్నన్ మూర్ మాత్రం దొరకలేదు. ఒహాయో రాష్ట్రంలో న్యూ బోస్టన్ అతని వూరు. తొమ్మిది మందిలో సమాధి లేనిది అతనొక్కడికే.

ఆ వార్తలు ఇంకా జనం నోళ్ళలో నానుతుండగానే సెర్లింగ్ 'కింగ్ నైన్' టెలివిజన్లో వచ్చింది. బతికిపోయిన వాడి మనసుని పట్టుకున్నాడు చూడండి, అది గొప్ప సంగతి. కానీ నా మటుకు నాకు సెర్లింగ్ బూటులోని ఇసుక కన్నా, ఎవరో వస్తారని ఇసుకలో బాణంలా పేర్చి వదిలిన ఆ బూట్లే ఎక్కువ గుర్తుండిపోయాయి.

శాపం కథ

ఇక్కడితో మనుషుల కథ అయింది. విమానం కథ ఇక్కడి నుంచి మొదలు.

ఇన్నేళ్ళు ఎడారిలో వున్న లోహం, తీగలు, నూనె ఎలా తట్టుకున్నాయో చూడాలని అమెరికన్ ఇంజనీర్లు కొన్ని భాగాలు విప్పి పట్టుకెళ్ళారు. పనికొచ్చిన వాటిని వేరే విమానాల్లో బిగించారు. అంతే, కథలు పుట్టాయి! 'లేడీ' పరికరాలు అమర్చిన ఓ సి-54 విమానానికి ప్రొపెల్లర్లు ఎదురుతిరిగాయనీ, సరుకంతా బయటికి పారేసి బతికి బట్టకట్టిందనీ. 'లేడీ' రేడియో రిసీవర్ పెట్టుకున్న ఓ సి-47 మధ్యధరా సముద్రంలో దిగిపోయిందనీ. 'లేడీ' సీటు చేతి దిమ్మ పెట్టుకున్న ఆటర్ విమానం సిద్రా సింధుశాఖలో కూలితే, ఒడ్డుకి కొట్టుకొచ్చిన కాసిని వస్తువుల్లో ఆ దిమ్మ ఒకటనీ!

నాకయితే నమ్మకం లేదు. ఎడారుల మీదా సముద్రం మీదా తిరిగే సైనిక విమానాలు అప్పుడప్పుడు కూలుతూనే వుంటాయి. వాటిల్లో మూడింటిని ఏరి ఓ దండ గుచ్చితే శాపం తయారవుతుంది. గుమ్మడికాయ కొట్టకుండా షూటింగ్ మొదలుపెట్టి ఫట్ మన్న సినిమాల జాబితా చెప్పే వాళ్ళు మన దగ్గర లేరూ? గుమ్మడికాయ కొట్టి మరీ ఫట్ మన్నవాటి జాబితా మాత్రం ఎవరూ రాయరు.

అసలు శాపం అనేది వుంటే అది ఆ విమానానికే తగిలిందని నా అభిప్రాయం. ఇసుకా ఎండా దాన్ని పదిహేనేళ్ళు భద్రంగా చూసుకున్నాయి. మనుషుల కంట పడ్డాకే దాని ఒళ్ళు హూనమైంది. పెట్రోలు బావుల వాళ్ళు, సైనికులు, ఎడారి చూడ్డానికి పోయిన షికారు రాయుళ్ళు, ఎవరికి దొరికింది వాళ్ళు గుర్తుగా విప్పుకుపోయారు. గడియారంలాంటి మీటర్లు, రేకు ముక్కలు, తీగలు. 1968లో బ్రిటిష్ వైమానిక దళం ఎడారి రక్షణ బృందం ఓ ఇంజను ఊడదీసి బయటికి లాగింది. మెక్డొనెల్ డగ్లస్ విమాన కంపెనీ దాన్ని పరీక్ష చెయ్యాలని అడిగితే. పరీక్ష అయ్యాక ఆ ఇంజను అమెరికా వైమానిక దళం మ్యూజియానికి చేరింది.

ఆ మ్యూజియం ఒహాయోలోని డేటన్ లో వుంది. అక్కడికి చేరినవి అవొక్కటే కాదు. వీలస్ స్థావరం చర్చిలో ఈ తొమ్మిది మంది జ్ఞాపకార్థం రంగుటద్దాల కిటికీ ఒకటి పెట్టారు. 1970లో అమెరికన్లు వీలస్ ఖాళీ చేసి పోయారు. ఆ కిటికీ కూడా డేటన్ చేరింది. కొన్ని వస్తువులు వర్జీనియాలో సైన్యం మ్యూజియానికి పోయాయి. మనుషుల్ని ఎడారి మూలల్లోంచి ఒక్కొక్కరినే ఏరి ఇంటికి చేర్చారు, విమానాన్ని ఒక్కొక్క ముక్కా పీకి లోకమంతా చల్లారు!

అన్నట్టు, ఇదే జాతి విమానాలతో మనకీ ఓ బంధం వుంది. సరిగ్గా దీనికి ఎదురు కథ. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్ళు కాన్పూరులో తమ లిబరేటర్లని ఇక ఎవరూ ఎగరెయ్యకుండా పాడుచేసి గుట్టగా వదిలేశారు. అప్పు మీద అమెరికా ఇచ్చిన సొత్తు, వాడకూడదని షరతు. స్వాతంత్ర్యం వచ్చాక బెంగుళూరు హిందుస్థాన్ ఏర్ క్రాఫ్ట్ ఇంజనీర్లు వెళ్ళి ఆ తుక్కులోంచి ఒకదాని కాలు, ఒకదాని చెయ్యి తీసి అతికి, సుమారు నలభై విమానాల్ని మళ్ళీ లేపారు! కాన్పూరు నుంచి బెంగుళూరుకి ఎగరేసుకుపోయి పూర్తిగా బాగుచేశారు. అవి మన వైమానిక దళంలో 1968 దాకా పనిచేశాయి. యుద్ధంలో 18,000 పైచిలుకు లిబరేటర్లు తయారైతే ఇవాళ ప్రపంచంలో మిగిలినవి వేళ్ళ మీద లెక్కే. వాటిలో కొన్ని మన వాళ్ళు లేపినవే. బ్రిటిష్ వైమానిక దళం మ్యూజియంలో వున్నది కూడా మనం ఇచ్చిందే! ఢిల్లీలో పాలం దగ్గర మన వైమానిక దళం మ్యూజియంలోనూ ఒకటి పెట్టారు. ఈ కథ మీద ఎవరూ సినిమా తియ్యలేదు. తీస్తే చూడాలని వుంది.

మళ్ళీ లిబియాకి వద్దాం. వీలస్ ఖాళీ అయ్యాక అటు వెళ్ళే అమెరికన్లు తగ్గారు. 'లేడీ' అలాగే పడుంది. ఫోటోలు వరసగా పెట్టుకుని చూస్తే గుండె తరుక్కుపోతుంది. మొదటి ఫోటోల్లో పక్షిలా వుంది. తరవాతి వాటిల్లో డొక్కు.

చివరికి 1994 ఆగస్టులో లిబియా వాళ్ళే పూనుకున్నారు. పురావస్తు శాఖ వాళ్ళు ఎడారిలోకి వెళ్ళి, మిగిలిన ముక్కలన్నీ ఎత్తించి, ట్రక్కుల మీద వందల కిలోమీటర్లు దాటించి తోబ్రూక్ నగరానికి చేర్చారు. ఇక దొంగలు ముట్టుకోకుండా భద్రంగా వుంటుందని. తోబ్రూక్ అంటే సినిమా అభిమానులకి తెలిసిన పేరే. 1967లో రాక్ హడ్సన్, జార్జ్ పెపర్డ్ నటించిన 'తోబ్రూక్' వచ్చింది ఆ వూరి మీదే. అక్కడి నుంచి దాన్ని దగ్గర్లోని గమాల్ అబ్దుల్ నాసర్ వైమానిక స్థావరానికి మార్చారు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళ ఎల్ ఆదెం స్థావరం అది. యాభై ఒక్క ఏళ్ళ కిందట సొలుక్ నుంచి లేచిన విమానం అలా మొత్తానికి ఓ విమానాశ్రయం చేరుకుంది, లారీ మీద!

అక్కడ దాన్ని అతికించి నిలబెట్టలేదు. విరిగిన నడుం ఒక చోట, రెక్కలు ఒక చోట. ముక్కు మీద పేరు చదువుకోవడానికి పాత ఫోటోలే గతి.

విడిపోయిన ముక్కల్లో ఒకటి మాత్రం సరైన చోటికి చేరిందనిపిస్తుంది నాకు. మిషిగన్ రాష్ట్రం ఉత్తరాన లేక్ లిండెన్ అని చిన్న వూరుంది. ఎడారిలో అయిదో రోజుకి కళ్ళు పోయిన రేడియో ఆపరేటర్ లామాట్ వూరు అది. అక్కడి గ్రామ కార్యాలయం ముందు 'లేడీ బి గుడ్' ప్రొపెల్లర్ ఒకటి నిలబెట్టారు.